ఇష్టపడి వెళ్ళినవారు, భయపడి వచ్చినవారు



ఈ ఏటి స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న మనిషి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు. ఆయన జీవితకథ చెప్పబోవడం లేదు. 1883 మే 14న నెల్లూరు జిల్లా పుదూరులో ఒక పూజారి ఇంట పుట్టడం, మద్రాసులో చదువుకోవడం, 1929 నుంచి పదిహేనేళ్ళు మద్రాసు అడ్వొకేట్ జనరల్‌గా ఉండడం, ఇవన్నీ ఆయన కుమారులు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన అల్లాడి కుప్పుస్వామి గారు తండ్రి మీద రాసిన పుస్తకంలో ఉన్నాయి. నేను మాట్లాడేది ఒక్క చర్చ గురించి. ఈ దేశంలోకి వచ్చినవాళ్ళలో, ఈ దేశం వదిలిపోయినవాళ్ళలో ఎవరు మనవాళ్ళు, ఎవరు కారు అని తేల్చేటప్పుడు ఏం చూడాలి, ఏం చూడకూడదు అన్న ప్రశ్నకు 1949 ఆగస్టులో రాజ్యాంగ సభలో ఆయన చెప్పిన జవాబు గురించి. ఆ జవాబు సరైనదని నా నమ్మకం. దాన్ని రాజ్యాంగంలో అక్షరాలా రాయకుండా రేపటి పార్లమెంట్ల మంచితనానికి వదిలేశారన్నది నా ఫిర్యాదు.

ఈ మాట బెంగళూరులో చెప్పడానికి కారణం ఉంది. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో అనంతపురం నుంచో వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్ళు ఈ సభలో చాలామంది ఉన్నారు. వచ్చేటప్పుడు ఎవరినీ పర్మిట్ అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోవడం కూడా ఒక చట్టం చేసిన పనే. 1947కు ముందు నెల్లూరులో పుట్టినవాడు బ్రిటిషు రాజు ప్రజ. ఈ ఊరి చిక్‌పేటలో పుట్టినవాడు మైసూరు మహారాజు ప్రజ. బ్రిటిషు చట్టం లెక్కలో అతను రక్షణ పొందుతున్న వ్యక్తే గాని రాజు ప్రజ కాడు. ఇదే ఊళ్ళో కంటోన్మెంటును 1881 నుంచి 1947 దాకా బ్రిటిషువాళ్ళే ఏలారు. ఇన్ని రకాల మనుషుల్ని ఒకే పౌరసత్వంలోకి తెచ్చింది రాజ్యాంగం రెండో భాగం, 5 నుంచి 11 దాకా అధికరణాలు. వీటిలో పౌరులెవరో చెప్పే అధికరణాలు తక్కిన రాజ్యాంగం కంటే ముందే, 1949 నవంబరు 26నే అమల్లోకి వచ్చాయి. అంటే గణతంత్ర దినం కంటే రెండు నెలలు ముందే మనం పౌరులమయ్యాం.

ఈ అధికరణాలు సులువుగా రాలేదు. ఒక్క అధికరణం మినహా ముసాయిదా సంఘానికి ఇంత తలనొప్పి తెచ్చిపెట్టినది మరొకటి లేదని అంబేద్కరే సభలో ఒప్పుకున్నారు. చర్చ ఆగస్టు 10, 11, 12 తేదీల్లో మూడు రోజులు నడిచింది. బయట పరిస్థితి చూస్తే తలనొప్పి ఎందుకో తెలుస్తుంది. పంజాబులోనూ బెంగాల్లోనూ జనం ఇంకా అటూ ఇటూ కదులుతూనే ఉన్నారు. 1948 జూలై 19 నుంచి పశ్చిమ పాకిస్తాన్ వైపు నుంచి రావాలంటే పర్మిట్ కావాలి. గొడవల్లో భయపడి లాహోరుకో కరాచీకో వెళ్ళి, అక్కడ నిలదొక్కుకోలేక తిరిగొస్తున్న ముస్లింలు ఉన్నారు. వాళ్ళు వదిలివెళ్ళిన ఇళ్ళలో అప్పటికే అటునుంచి వచ్చిన హిందూ, సిక్కు కాందిశీకులు తలదాచుకుంటున్నారు. ఒకే ఇంటికి ఇద్దరు హక్కుదారులు, ఇద్దరివీ కన్నీళ్ళే. ఈ పరిస్థితిలో పౌరుడెవరో చెప్పమంటే ఏ వకీలైనా తడబడతాడు.

విదర్భ నుంచి వచ్చిన పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ తడబడలేదు. ముసాయిదా ఇలాగే ఉంటే భారత పౌరసత్వం భూమ్మీద అన్నిటికన్నా చవకైనదైపోతుందని ఆయన వాదం. ఇంకే దేశానికీ పౌరుడు కాని ప్రతి హిందువుకూ, ప్రతి సిక్కుకూ, ఎక్కడ నివసిస్తున్నా సరే, భారత పౌరసత్వం పొందే హక్కు ఉండాలని సవరణ పెట్టారు. ముస్లింలకంటూ ఒక దేశం ఏర్పడినప్పుడు హిందువులకూ సిక్కులకూ ఇదొక్కటే కదా ఇల్లు అన్నది ఆయన ప్రశ్న. దేశ్‌ముఖ్ చిన్న మనిషి కాదు. తర్వాత కేంద్ర వ్యవసాయ మంత్రిగా రైతుల కోసం చాలా చేశారు. విభజన గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో ఆయన ప్రశ్నకు సభలో సానుభూతి లేకపోలేదు. పాకిస్తాన్‌కు వెళ్ళి పర్మిట్‌తో తిరిగివచ్చినవాళ్ళకు పౌరసత్వం ఇచ్చే వెసులుబాటును మరో సభ్యుడు జస్‌పత్ రాయ్ కపూర్ అసహ్యకరమైనదన్నారు. సవరణలు కుప్పలుగా వచ్చిపడ్డాయి.

అల్లాడి గారు లేచింది ఈ వేడిలో. అప్పటికి అరవయ్యారేళ్ళ వయసు. ముసాయిదా సంఘంలో తనకంటే పెద్దవాళ్ళు, సమర్థులు ఉన్నారని అంబేద్కర్ తన ముగింపు ఉపన్యాసంలో అన్నప్పుడు ఉదాహరణగా చెప్పిన పేరు ఈయనదే. ఆయన ఉపన్యాసంలో ఆవేశం కనపడదు. మొదట చేసిన పని, సభ ఆశల్ని తగ్గించడం. ఇది జాతీయతా చట్టానికి సంపూర్ణ స్మృతి కాదు, ఏ దేశమూ రాజ్యాంగం మొదలుపెట్టే రోజున అలాంటిది రాసుకోలేదు, మనం చెబుతున్నది రాజ్యాంగం ఆరంభమయ్యే రోజున పౌరులెవరన్నదే అని స్పష్టం చేశారు. ఎన్నికలు జరగాలన్నా, పదవులు చేపట్టాలన్నా ఆ రోజుకు పౌరులంటూ ఎవరో ఒకరు తేలాలి కాబట్టి ఇంతవరకైనా తప్పదని, మిగిలింది పార్లమెంటు చట్టం చూసుకుంటుందని చెప్పారు. ఆ తర్వాత, అంత నింపాదిగానే, అసలు మాట అన్నారు. మనం మతప్రమేయం లేని రాజ్యానికి మాటిచ్చి ఉన్నాం. తన ఇష్టంతో, ఆలోచించుకుని మరో దేశాన్ని ఇల్లుగా ఎంచుకున్నవాడికీ, ఈ దేశంతో బంధం నిలుపుకోవాలనుకున్నవాడికీ తేడా చూపవచ్చు. జాతిని బట్టి, మతాన్ని బట్టి, ఒక తెగకూ మరో తెగకూ మధ్య తేడా చూపడానికి మాత్రం వీల్లేదు. ఇదీ సారం.

మన చట్టసభల చరిత్రలో వలస మీద జరిగిన చర్చలన్నిటిలోకీ ఇది అతి ముఖ్యమైన వాదమని నేననుకుంటాను. దేశ్‌ముఖ్ పౌరసత్వాన్ని మనిషి పుట్టుకలో వెతికారు. అల్లాడి మనిషి నిర్ణయంలో వెతికారు. అయిదో అధికరణం పునాదే ఇది: ఇక్కడ స్థిరనివాసం ఉండాలి, దాంతోపాటు ఇక్కడ పుట్టడమో, తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టడమో, అయిదేళ్ళుగా ఇక్కడ ఉండడమో జరగాలి. స్థిరనివాసమంటే కోర్టుల భాషలో ఉండడం ఒక్కటే చాలదు, ఉండిపోవాలన్న ఉద్దేశం కూడా కావాలి. సివిల్ దావాల్లో నలభై ఏళ్ళు నలిగిన వకీలుకు ఉద్దేశం ఎలా నిరూపిస్తారో బాగా తెలుసు. నిరూపించలేని చోట్లూ తెలుసు.

ఇక్కడే ఆయన వాదంలో ఒక బీటను వేలుపెట్టి చూపించాలి. ఇష్టంతో వెళ్ళినవాడు అంటున్నాం సరే. 1947 సెప్టెంబరులో రైలెక్కినవాడిది ఇష్టమా? వీధి చివర ఇళ్ళు తగలబడుతుంటే పిల్లల్ని ఎత్తుకుని ఎటు వీలైతే అటు పరుగెత్తినవాడు మరో దేశాన్ని ఎంచుకున్నాడని ఏ న్యాయమూర్తి చెప్పగలడు? ఏడో అధికరణం మొదటి వాక్యం ఈ ప్రశ్న అడగదు. 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్‌కు వలసపోయినవాడు పౌరుడు కాడని తేల్చేస్తుంది. కిందనున్న మినహాయింపు మాత్రం అడుగుతుంది. శాశ్వతంగా తిరిగి రావడానికి పర్మిట్ పొందినవాడిని వలసపోయినవాడిగా లెక్కించకూడదంటుంది. కపూర్ అసహ్యించుకున్న మినహాయింపు ఇదే, అల్లాడి సమర్థించినదీ ఇదే. ఇష్టాన్నీ భయాన్నీ వేరుచేయడానికి ఆనాడు దొరికిన ఒకే ఒక్క పనిముట్టు ఆ పర్మిట్ కాగితం. మొరటు పనిముట్టే. ఆ పర్మిట్ చట్టంలోని ఏడో సెక్షన్ పౌరుడిని కూడా దేశం నుంచి వెళ్ళగొట్టే వీలిచ్చింది కాబట్టి చెల్లదని 1954లో సుప్రీంకోర్టే కొట్టేసింది.

అల్లాడి గారి కొలమానం రెండేళ్ళ తర్వాత మరో చోట మరో రూపంలో కనిపిస్తుంది. 1951 జూలై 28న జెనీవాలో శరణార్థుల ఒప్పందం కుదిరింది. సొంత దేశంలో వేధింపులకు గురవుతానన్న సహేతుకమైన భయం ఉన్నవాడు శరణార్థి అని అది నిర్వచించింది. జాతి, మతం, జాతీయత, రాజకీయాభిప్రాయం వంటివి ఆ వేధింపుకు కారణాలుగా ఉన్నాయి గానీ, ఆశ్రయమివ్వడానికి అర్హతలుగా లేవు. ఏ మతంవాడివని అడగదు, మతం కారణంగా నిన్ను వేధించారా అని అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలకూ ఎంత దూరమో, దేశ్‌ముఖ్ సవరణకూ అల్లాడి ఉపన్యాసానికీ అంత దూరం. ఆ ఒప్పందం మీద భారతదేశం సంతకం చేయలేదు. ఇంతవరకూ చేయలేదు.

తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న ఢిల్లీ వార్తగా వచ్చింది కాదు. రంగూన్ రేవులో ఓడల సరుకు మోసినవాళ్ళలో ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల మనుషులు వేలమంది. 1930 మేలో రంగూన్‌లో అల్లర్లు మొదలైంది రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్యే. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలు దాటి నడిచొచ్చారు. దారిలో చచ్చిపోయినవాళ్ళకు లెక్క లేదు. యుద్ధం అయ్యాక కొందరు తిరిగి వెళ్ళారు. బర్మా స్వతంత్రమై 1948లో తన పౌరసత్వ చట్టం చేసుకుంటే మనవాళ్ళు చాలామంది దరఖాస్తు పెట్టుకోలేదు. 1962లో నెవిన్ సైనిక పాలన, 1964లో దుకాణాల జాతీయకరణ. మళ్ళీ ఓడలెక్కి మద్రాసుకూ విశాఖపట్నానికీ చేరారు. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అనే పేరు అలా మిగిలింది. విదేశంలో ఉంటూ, తల్లిదండ్రుల్లోనో తాతల్లోనో ఒకరు అవిభక్త భారతంలో పుట్టి ఉంటే రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకుని పౌరుడు కావచ్చునన్న ఎనిమిదో అధికరణం ఇలాంటివాళ్ళ కోసమే. అందులోనూ మతం ప్రస్తావన లేదు. దక్షిణాఫ్రికా విషయమూ ఇంతే. అక్కడ పుట్టిన భారతీయులకు అక్కడి పౌరసత్వం కావాలని మనం అడుగుతున్నప్పుడు ఇంట్లో ఇరుకు దృష్టి చూపకూడదని 1947 ఏప్రిల్‌లోనే వల్లభ్‌భాయి పటేల్ రాజ్యాంగ సభకు గుర్తుచేశారు. నాతాల్ చెరకు తోటలకు వెళ్ళిన తెలుగు కుటుంబాల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఆ వాదం ఫలితం అనుభవించాల్సింది వాళ్ళే.

దేశ్‌ముఖ్ సవరణ వీగిపోయింది. అధికరణాలు నెగ్గాయి. ఇక్కడితో కథ ఆపేస్తే అల్లాడి గారిది గెలుపని చెప్పి మనం భోజనాలకు వెళ్ళవచ్చు. కానీ పదకొండో అధికరణం ఉంది. పౌరసత్వం ఇవ్వడం గురించీ, తీసేయడం గురించీ పార్లమెంటు ఏ చట్టమైనా చేయవచ్చునని అది చెబుతుంది. జాతి, మతం చూడరాదన్న షరతు అందులో లేదు. సభలో అల్లాడి గొంతులో ఉన్న సూత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. రాజ్యాంగాన్ని చిక్కగా, చిన్నగా ఉంచాలన్న వకీలు జాగ్రత్త అది. రేపు రాబోయే సభలు తమలాగే ఆలోచిస్తాయన్న నమ్మకమూ కావచ్చు. అంత గొప్ప వకీలు మౌఖిక హామీ మీద దస్తావేజు వదిలేయడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

తర్వాత జరిగింది మెల్లగా జరిగింది. 1955 పౌరసత్వ చట్టం మొదట పటేల్ చెప్పిన విశాల దృష్టితోనే ఉంది: ఇక్కడ పుడితే చాలు. 1987 జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి ఒకరు పౌరులైతే చాలదు, రెండోవారు అక్రమ వలసదారు కాకూడదన్నారు. 2019 డిసెంబరులో మతం నేరుగా చట్టంలోకి వచ్చింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్తాన్ నుంచి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్శీలు, క్రైస్తవులు అక్రమ వలసదారులు కారని, వాళ్ళు పదకొండేళ్ళకు బదులు అయిదేళ్ళు ఉంటే చాలని సవరించారు. ఆ చర్చలో తెలుగుదేశం, వైయస్సార్ కాంగ్రెస్ బిల్లుకు ఓటేశాయి, తెలంగాణ రాష్ట్ర సమితి వ్యతిరేకించింది. బెంగళూరు వీధుల్లో నిరసనలకు అడ్డుగా డిసెంబరు 18న పెట్టిన నిషేధాజ్ఞలు చెల్లవని రెండు నెలలకు కర్ణాటక హైకోర్టు తీర్పు చెప్పింది.

ఈ చట్టాన్ని సమర్థించేవాళ్ళకు ఒక బలమైన వాదం ఉంది, దాన్ని దాటేయకూడదు. పొరుగు దేశంలో మతం కారణంగా వేధింపులు పడి పారిపోయి వచ్చిన సిక్కుకో హిందువుకో ఆశ్రయం ఇవ్వడం తప్పెలా అవుతుంది? కాదు. అది ధర్మమే. అల్లాడి కొలమానం ప్రకారం చూసినా వాళ్ళు భయపడి వచ్చినవారు, తలుపు తీయాల్సిందే. తప్పు వాళ్ళను తీసుకోవడంలో లేదు. అదే భయంతో వచ్చిన మరొకడిని, అతని మతం జాబితాలో లేదనో, అతని దేశం మ్యాపులో దక్షిణాన ఉందనో ఆపడంలో ఉంది. శ్రీలంక నుంచి వచ్చిన తమిళ హిందువుకు కూడా ఆ సవరణలో చోటు లేదు. దక్షిణాదివాళ్ళం ఈ సంగతి గట్టిగా అడగలేదు. 2019లో అల్లాడి గారు ఉంటే ఏ వైపు ఓటేసేవారో చెప్పే అధికారం నాకు లేదు. చనిపోయినవాళ్ళ చేత ఓట్లు వేయించడం మన రాజకీయాల్లో ఇప్పటికే ఎక్కువైంది. ఆయన 1949లో ఏమన్నారో మాత్రం ముద్రణలో ఉంది.

పౌరసత్వం ఒక ఎత్తు, ఆశ్రయం మరో ఎత్తు. ఆశ్రయం విషయంలో మనకు చట్టమే లేదు. కర్ణాటకలో ఉన్నవాళ్ళకు ఇది కళ్ళముందు కనిపిస్తుంది. 1959లో టిబెట్ నుంచి వచ్చినవాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వం మైసూరు దగ్గర బైలకుప్పెలో భూమి ఇచ్చింది. ముండగోడు, కొళ్ళేగాలం వైపు కూడా వాళ్ళ స్థావరాలు వెలిశాయి. ఒక రాష్ట్రం చేసిన అంత పెద్ద ఉపకారం వెనుక ఒక్క శరణార్థి చట్టం లేదు; ఉన్నది ప్రభుత్వ దయ, ప్రతిసారీ పునరుద్ధరించుకోవాల్సిన రిజిస్ట్రేషన్ కార్డు. 1950 జనవరి 26కూ 1987 జూలై 1కీ మధ్య ఇక్కడ పుట్టిన టిబెటన్లు పుట్టుకతోనే భారత పౌరులని చెప్పించుకోవడానికి 2013లో కర్ణాటక హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. అదే రాష్ట్రంలో, నెలమంగల దగ్గర సొండేకొప్పలో, ఒకప్పటి విద్యార్థుల హాస్టలును విదేశీయుల నిర్బంధ కేంద్రంగా మార్చారు. బైలకుప్పెకూ సొండేకొప్పకూ మధ్య తేడాను నిర్ణయించే సూత్రం ఏ చట్టంలోనూ రాసి లేదు.

కోర్టులు కొంత పూడ్చాయి. విదేశీయుడిని వెళ్ళగొట్టడానికి ప్రభుత్వానికి పూర్తి అధికారం ఉందని 1955లో హాన్స్ ముల్లర్ కేసులో అన్న సుప్రీంకోర్టే, 1996లో జాతీయ మానవ హక్కుల సంఘం వేసిన కేసులో, అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల ప్రాణాలను కాపాడే బాధ్యత రాష్ట్రానిదేనంది. ఇరవై ఒకటో అధికరణంలో ఉన్నది పౌరుడు కాదు, వ్యక్తి. అల్లాడి గారు కూడా సభ్యుడిగా ఉన్న ప్రాథమిక హక్కుల ఉపసంఘం వేసిన పునాది అది. కానీ ప్రాణం కాపాడడం వేరు, నిన్ను వెనక్కి పంపం, పని చేసుకో, పిల్లల్ని బడికి పంపు అని చెప్పడం వేరు. రెండోది చట్టసభ పని. 2015లో లోక్‌సభ సభ్యుడు శశి థరూర్ ఒక ఆశ్రయ బిల్లు ప్రవేశపెట్టారు, 2022లో మళ్ళీ పెట్టారు. ప్రైవేటు సభ్యుల బిల్లు చట్టమైన సందర్భం 1970 తర్వాత లేదు కాబట్టి దాని గతి ముందే తెలుసు.

ప్రభుత్వం తెచ్చిన చట్టం 2025లో వచ్చింది. 1920 నాటి పాస్‌పోర్టు చట్టాన్ని, 1939 నాటి నమోదు చట్టాన్ని, 1946 నాటి విదేశీయుల చట్టాన్ని రద్దుచేసి ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం చేశారు. సెప్టెంబరు 1 నుంచి అమలు. నేను విదేశీయుణ్ణి కానని నిరూపించుకునే భారం ఆ మనిషి మీదే ఉంచిన 1946 నాటి నిబంధన కొత్త చట్టంలోకీ వచ్చింది. శరణార్థి అన్న మాటకు అందులో నిర్వచనం లేదు. ఆ నెలలోనే వెలువడిన మినహాయింపు ఉత్తర్వులో మూడు దేశాల ఆరు మతాలవాళ్ళతో పాటు టిబెటన్లకూ, 2015 జనవరి 9లోగా వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకూ చోటిచ్చారు. సంతోషమే. కానీ ఉత్తర్వుతో ఇచ్చింది మరో ఉత్తర్వుతో తీసేయవచ్చు. వంద ఏళ్ళ నాటి చట్టాలను తిరగరాసే అవకాశం ఒక తరానికి ఒకసారి వస్తుంది. ఆ అవకాశాన్ని మన పార్లమెంటు కొద్ది గంటల చర్చతో ముగించింది.

ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది లోక్‌సభలో కూర్చుంటున్నారు. ఈ నగరం నుంచీ సభ్యులున్నారు. వాళ్ళను అడగాల్సింది ఎక్కువ లేదు. ఆశ్రయం మీద ఒక చట్టం కావాలి, అందులో శరణార్థికి నిర్వచనం కావాలి, భయపడి వచ్చినవాడిని ఆ భయం ఉన్నచోటికే తిప్పి పంపరాదని రాయాలి. ఆశ్రయం ఇచ్చేటప్పుడు జాతి, మతం చూడరాదని ఒక సెక్షన్‌గా పెట్టాలి. 1949లో చెప్పి ఊరుకున్నది ఈసారి రాయాలి. ఈ సభలో వకీళ్ళున్నారు, న్యాయ విద్యార్థులున్నారు. రాజ్యాంగ సభ చర్చల తొమ్మిదో సంపుటం తెరిచి ఆగస్టు నాటి ఆ మూడు రోజుల పుటలు చదవండి. చదివాక మీ నియోజకవర్గపు సభ్యుడికి ఒక ఉత్తరం రాయండి.